పెంకుముక్కకు పుట్టిన పేరు

రెండింటిలోపు చెప్పేయాలి, లేదంటే మేనకోడలు తన పాపకు కాగితాల్లో మార్తినా అని రాయించేస్తుంది. అసలు కసిల్దా అనే తన పేరుకు అర్థమేమిటో యాభై ఎనిమిదేళ్ళలో తననెవరడిగారు కనుక? కసిల్దా రొట్టెల బండి ఆపి హారన్ రెండుసార్లు మోగించింది. వేళ్ళ పిండి స్టీరింగు మీద తెల్లగా అంటుకుంది.

తెల్లవారగానే బుర్గోస్ ఆసుపత్రినుంచి మేనకోడలు నెరేయా ఫోన్ చేసింది. "ఆడపిల్ల, అత్తా! నీ పేరే పెట్టాలనుంది. ఆ పేరుతో నువ్వు సుఖపడ్డావా? నిజం చెప్పాలి సుమా!"

నిజమే చెప్పాలి. అదే చిక్కు.

హారన్ విని వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఉర్బానో ఎప్పటిలాగే వెక్కిరించాడు. "ఏమే కసిల్దా, ఒళ్ళో ఏం దాచావు?"

"గులాబీలు. నిన్నటివి. మీ పళ్ళు జాగ్రత్త."

ముప్పై ఏళ్ళ పరాచికమిది. తొలెదో నగరాన్ని ఏలిన ముస్లిం రాజు కూతురు కసిల్దా, ఖైదీలకు ఒళ్ళో రొట్టెలు దాచి తీసుకెళ్తూ తండ్రికి పట్టుబడి, గులాబీలని బొంకిందట. ఒడి విప్పితే గులాబీలేనట! ఆ పేరుగలది రొట్టెలమ్మితే జనం ఊరుకుంటారా?

"మాస్టారూ, నా పేరుకు అర్థమేమిటి?"

"అరబ్బీలో పాట అంటారు కొందరు. నీ గొంతు వింటే నమ్మబుద్ధి కాదనుకో."

పాట! పక్కూరిదాకా నవ్వుకుంటూనే బండి నడిపింది. పునీతురాలైన ఆ రాజకుమారి కొండమీది మడుగులో, మగపిల్లాడు కావాలంటే రాయి వేస్తారు, ఆడపిల్లకైతే పెంకుముక్క. ఐదుగురు కొడుకుల తర్వాత అమ్మ పెంకు వేసింది. కోరి తెచ్చుకున్న పిల్ల తను.

కానీ పదిహేడో ఏట బిల్బావో నగరంలో ఇంటిపనికి కుదిరితే, ఇంటావిడ "అదేం పల్లెటూరి పేరు! మారి అంటాలే" అంది. పదకొండేళ్ళు మారి అంటేనే పలికింది. ఒకసారి సెలవుకొచ్చినప్పుడు వీధిలో అమ్మ వెనకనుంచి మూడుసార్లు పిలిచింది, కసిల్దా, కసిల్దా అని. తను తిరగలేదు. విననట్టు నటించలేదు, ఆ పిలుపు తనకేనని నిజంగానే తట్టలేదు. తిరిగి చూసేసరికి అమ్మ మొహం... ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ఆఖరి ఊళ్ళో ఎంత హారన్ కొట్టినా ఫ్రెదెస్వింద మామ్మ బయటికి రాలేదు. పక్కింటి సోనియా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పొద్దున చూస్తే కుర్చీలోనే పోయిందక్కా. నిద్రపోయినట్టే ఉంది. సావు నోటీసులో పేరేం రాయించాలో తెలీక చస్తున్నా. మామ్మా మామ్మా అనడమేగానీ..."

"ఫ్రెదెస్వింద."

"ఏంటీ? నోరు తిరగద్దూ!"

కసిల్దా గుమ్మంలోకి తలపెట్టి, కుర్చీ వైపు చూస్తూ, ఆ పేరును మళ్ళీ అంది. గట్టిగా.

ఒంటిగంటా నలభై. ఫోన్ తీసింది. నెరేయా నంబరు నొక్కింది.

"చెప్పవేం అత్తా? సుఖపడ్డావా?"

"కొన్నేళ్ళు ఆ పేరుకు పలకలేదే తల్లీ. అప్పుడు బాగాలేను. ఇప్పుడు ఏడు ఊళ్ళు పొద్దున్నే అదే పేరు అరుస్తాయి. బాగున్నాను. పెట్టు. ఫోను దాని చెవి దగ్గర పెట్టు ముందు."

ఆ పేరుతో ఇంకో మనిషిని ఎన్నడూ పిలవలేదు తను. ఊపిరి పీల్చుకుని పిలిచింది.

"కసిల్దా!"

అవతల పసిదాని ఏడుపు ఒక్క క్షణం ఆగింది. ఇవతల మామ్మ తలుపు పిడికి, రొట్టె కోసం తగిలించిన గుడ్డసంచి గాలికి ఊగుతోంది. రాత్రే ఉతికినట్టుంది, అంచు ఇంకా తడిగానే ఉంది.