దానయ్య చేతి తప్పు

రాయపూర్‌లో మోవా పేటలోని ఆ రక్తపరీక్షల ల్యాబుకు మాలతి ఇన్‌చార్జి అయిన దగ్గర్నుంచి, అక్కడికొచ్చే రక్తం కూడా ఆమె ముందు ఒద్దికగా ఉండాల్సి వచ్చింది. నయా రాయపూర్‌లో రెండు రోజుల శిక్షణకు వెళ్లి, రెండు పూటలా పనీరు కూర తిని, ఆమె ఒక సర్టిఫికెట్టు తెచ్చుకుంది. ఇక ఆమె మాటకు తిరుగుంటుందా?

ఆ శిక్షణలో తలకెక్కించుకున్నది ఒక్కటే. రక్తాన్ని యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే పైన లేత పసుపు రంగు సీరం తేలాలి. అది ఎర్రగా వచ్చిందంటే ఎర్రకణాలు పగిలాయన్నమాట. ఆ శాంపిల్‌తో పరీక్ష చేస్తే అంకెలు తప్పుతాయి. మరి పగలగొట్టింది ఎవరు? సూది గుచ్చినవాడే, అంటే దానయ్య. ముప్పై ఏళ్లుగా ఏ సర్టిఫికెట్టూ లేకుండా జనాల నరాలు వెతికి పట్టుకుంటున్నాడు, ఎంత ధైర్యం!

సోమవారం సరోజిని తన కొడుకు యోగేష్‌ను తీసుకొచ్చింది. భన్‌పురిలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా అతను. మలేరియా తగ్గాక, అది తిరగబెట్టకుండా రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటున్నాడు. కళ్లు పచ్చబడ్డాయని డాక్టరు లివర్ పరీక్ష రాశాడు. దానయ్య రక్తం తీశాడు. సీరం ఎర్రగా వచ్చింది.

"మీవాడి రక్తం మా దానయ్యగారి చేతిలో పగిలిందమ్మా. రేపు రండి," అంది మాలతి, హాల్లో అందరికీ వినబడేలా.

మంగళవారం మళ్లీ ఎరుపే. మాలతికి లోలోపల ఎంత ఆనందమో చెప్పలేం.

"నా సేతి తప్పు కాదమ్మా. నెమ్మదిగానే తీసినాను," అన్నాడు దానయ్య.

"అయితే రక్తమే దానంతటది పగిలిందంటారా?" అని, తన చమత్కారానికి తనే నవ్వుకుంది.

సరోజిని భయంభయంగా దగ్గరికొచ్చింది. "మేడమ్, వీనికి చక్కర్ వస్తుంది, కండ్లు తిరుగుతున్నయంటడు. మూత్రం గూడ డికాషన్ లెక్క నల్లగ వస్తుంది."

"మూత్రం పరీక్ష డాక్టరు రాయలేదు కదమ్మా. రాయనిది మేం చూడం."

బుధవారం మాలతి చేతులకు తొడుగులు వేసుకుని స్వయంగా రంగంలోకి దిగింది. "చూసి నేర్చుకోండి," అని దానయ్యను పక్కన నిలబెట్టి, తగిన సూది ఎంచి, ఏమాత్రం తొందరపడకుండా రక్తం తీసింది. దాన్నీ, ఇంకొకరి శాంపిల్‌నూ కలిపి యంత్రంలో పెట్టింది.

ఇంకొకరిది పసుపు. యోగేష్‌ది ఎరుపు.

ముందు ట్యూబును అనుమానించింది, ఆ తర్వాత యంత్రాన్ని. తిట్టడానికి ఇంకెవరూ మిగలక, చివరికి ఆలోచించింది. రక్తం ట్యూబులో పగలడం లేదు. కుర్రాడి ఒంట్లోనే పగులుతోంది. కొన్ని మలేరియా మాత్రలు కొందరి ఒంటికి పడక ఇలా చేస్తాయని శిక్షణలో చెప్పే ఉంటారు. బహుశా అప్పుడు భోజనం వేళయి ఉంటుంది.

హిమోగ్లోబిన్ చూసింది. నాలుగున్నర. పదమూడైనా ఉండాల్సింది. డాక్టరుకు ఫోన్ చేసింది. మాత్రలు ఆపించి వెంటనే ఆసుపత్రికి పంపమనీ, రక్తం ఎక్కించాలనీ ఆయన కేకేసినంత పని చేశాడు.

మాలతి హాల్లోకి పరిగెత్తింది. యోగేష్ బల్లమీద తల వాల్చేశాడు. దానయ్య అప్పటికే అతని భుజం కింద చెయ్యి వేసి లేపుతున్నాడు.

"మాత్రలు ఆపేశారా?" అని సరోజినిని అడిగింది.

"ఎందుకు ఆపుతం మేడమ్? రిపోర్టు వచ్చినంక డాక్టర్‌ను అడుగుదమనుకున్నం. మొన్నొకటి, నిన్నొకటి నా చేత్తోనే వేసిన."

రెండు రోజులు, రెండు మాత్రలు. మాత్రల వల్లే ఒంట్లో రక్తం పగులుతోందని మాలతి చెప్పింది, తను దానయ్య మీద వేసిన నింద సంగతి మాత్రం ఎత్తలేదు. సరోజిని విన్నది, విని దానయ్య మీద పడింది.

"నీ వల్లనే! నీ చెయ్యి మంచిగుంటే సోమవారమే తెలిసేది. నా కొడుకుకేమన్న అయితే నిన్ను వదిలిపెట్ట!"

దానయ్య కుర్రాడి బరువంతా భుజం మీద వేసుకుని గుమ్మం వైపు నడుస్తున్నాడు.

హాలంతా చూస్తోంది. మాలతి సరోజినికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆయన చెయ్యి బాగానే ఉందమ్మా," అంది. "చెప్పాల్సింది ఆ రక్తం మొదటి రోజే చెప్పింది. వినకుండా నేనే పారబోశాను."