సున్నం గీతలు

ఢిల్లీ పక్కనున్న ఓ మునిసిపాలిటీలో నేను ఇంజనీరుని. సబ్జీమండీలో, అంటే కూరగాయల మార్కెట్లో, కుళ్లే చెత్తను ఎరువుగా మార్చే పథకానికి గ్రాంటు ఇమ్మని మూడేళ్లు ఢిల్లీ ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. చివరికి తొంభై ఆరులో, చెత్త ఎంతుందో కళ్లారా చూసి ఇస్తామంటూ అక్కణ్ణుంచి ఒక బృందం వచ్చింది.

వాళ్లని మండీకి తీసుకెళ్లి నిలువునా నీరుగారిపోయాను. చెత్తగుట్ట లేదు! ఊడ్చిన నేల, తిన్నగా సున్నం గీతలు, బంతిపూల దండతో మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ త్యాగి.

"ఇంత శుభ్రమైన ఊరికి గ్రాంటెందుకండీ?" అని బృంద నాయకుడు కారెక్కాడు.

"నిన్నటిదాకా ఇక్కడ ముక్కు మూసుకునేవాళ్లం, నమ్మండి సార్!" అంటూ కారు వెంట పరుగెత్తాను. ఆగితేనా!

త్యాగి రొప్పుతూ నా వెనకే వచ్చాడు. చెమట తుడుచుకుంటూ ఆశగా అడిగాడు.

"ఇరవై ట్రాలీల చెత్త ఎత్తించాను సార్. సాహెబ్‌లు ఖుష్ అయ్యారా?"