కత్తికి పెట్టిన బొట్టు

జగన్నాధం ఊపిరి బిగబట్టి కోత యంత్రం చక్రం తిప్పాడు. గడ్డకట్టిన రబ్బరు ముక్క మీద కత్తి జారి, ఉల్లిపొరకంటే పలచటి పొర ఒకటి అంచున వచ్చి కూర్చుంది. ఎచ్చెర్ల దగ్గరి ఈ రబ్బరు కంపెనీ లాబులో ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఇదే. రోజంతా ఏం చేస్తావని ఇంట్లో అడిగితే రబ్బరు తరుగుతానంటాడు. వాళ్లు నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు.

పొరని గాజుపలక మీదికి చేర్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఇక్కడికొస్తే మనసు ఎటో తేలిపోతుంది. రెండు రకాల రబ్బర్లు లేత వరిమడీ ముదురు వరిమడీ పక్కపక్కనే ఉన్నట్టు అల్లుకుని ఉంటాయి. వాటినిండా నల్లపొడి సమంగా పరుచుకుంటుంది. అలా చూస్తూ టీ తాగడం మర్చిపోయిన రోజులెన్నో. వంతెనల కింద వేసే రబ్బరు ఇది. పొడి ఎక్కడ ముద్దకడితే అక్కడే చీలుతుంది.

ఇవాళ మూడు ముద్దలున్నాయి.

ఇంజనీరు శైలజ కూడా చూసి నిట్టూర్చింది. "నిన్నా ఇలాగే ఉన్నాది బాబాయ్. పొడి కలిపింది గున్నమ్మే. సాయంత్రం రిపోర్టెళ్తే ఆవిణ్ణి తీసేస్తారు."

జగన్నాధం కత్తివైపు చూశాడు. అంచు పక్కన సన్నటి ఎర్ర గీత. సన్నటి పొరలో వెలుగు దూరనిది ఏదైనా నల్లగానే కనిపిస్తుంది. లాబులో పూజలు వద్దని మేనేజరు బోర్డు పెట్టినా, మొన్న ఆయుధపూజకి అన్నం పెట్టే కత్తికి బొట్టు పెట్టకుండా ఉండలేకపోయాడు. తర్వాత తుడిచాననే అనుకున్నాడు. చెబితే తన కాంట్రాక్టు ఉద్యోగం పోతుంది.

మధ్యాహ్నం కేరేజీ విప్పి మళ్లీ మూసేశాడు. మొహం మీది నల్లపొడి తుడుచుకుంటూ గున్నమ్మ కిటికీ దగ్గర ఆగింది. "బాగొచ్చినాదా అన్నా?"

జగన్నాధం లేచి వెళ్లి, కత్తిని స్పిరిటుతో కడిగి మళ్లీ కోశాడు. ఒక్క ముద్ద లేదు.

"అది పొడి కాదమ్మా, కుంకం," అన్నాడు శైలజతో. "నానే కత్తికి బొట్టెట్టినాను."

"ఊరుకుంటే ఎవరికి తెలుస్తాది బాబాయ్?"

"గున్నమ్మకి తెలుస్తాది గదా, తను సరిగ్గానే కలిపినాదని."

నాలుగింటికి సంగతి విని మేనేజరు ఆయన్ని రేపట్నుంచి రావద్దన్నాడు. గట్టిగా కూడా అనలేదు. శైలజ కత్తి ముందు కూర్చుని తనే ఒక పొర కోసింది. పట్టకారుతో ఎత్తబోతే చిరిగిపోయింది.

"దీన్నెలా తీస్తారు బాబాయ్?"

ఆయన కళ్లజోడు తీసి, కనురెప్ప నుంచి ఒక వెంట్రుక పీకాడు. చీపురు ఈనె చివర జిగురుతో అంటించి బల్ల మీద పెట్టాడు. "ఇలాటి వెంట్రుకతోనే పొర తీస్తాను. నా పాతది అరిగిపోనాది. దీంతో అయితే సిరగదు. ఆరినదాకా ముట్టకమ్మా."

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. బస్సు చప్పుడు దూరమయ్యాక కూడా శైలజ అక్కడే కూర్చుంది. ఈనె చివర ఆ వెంట్రుక, సగం నెరిసి, ఇంకా తడిగానే ఉంది.