వాసన లేని పొడి

ఐసు లారీ రావలసిన వేళ దాటిపోయింది. వాచ్‌మన్ రోడ్డు మీదికి వెళ్ళి ఆకివీడు వైపు చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ తిరిగొచ్చాడు. షెడ్డులో స్టీలు బల్లల మీద గుట్టలుగా పోసిన రొయ్యల కింద ఉన్న ఐసు కరిగి, బూడిదరంగు నీళ్ళు ఆడవాళ్ళ రబ్బరు బూట్ల మీదికి కారుతున్నాయి. అయినా ఎవరూ చెయ్యి ఆపలేదు. తల తీసిన రొయ్యకు కిలో లెక్కన కూలి. చెయ్యి ఆగితే కూలీ ఆగుతుంది.

మునీరా తల తీసే మనిషి కాదు. షెడ్డు వెనక గదిలో టీ కాస్తుంది, ఆడవాళ్ళ గది కడుగుతుంది, టీకి ముందు అందరికీ కషాయం పోస్తుంది. యాభై దాటింది. కొల్లేటి లంకల నుంచి కంపెనీ వ్యానులో వచ్చే పడుచు పిల్లలకూ, ఆకివీడు నుంచి నడిచొచ్చే పిల్లల తల్లులకూ ఆమె పిన్ని.

"పిన్నీ, ఇటు రా ఓసారి," అని మొదటి బల్ల దగ్గర నుంచి జెస్సీ పిలిచింది. చేతిలో ఒక రొయ్యను తోక పట్టుకుని వేలాడదీసింది. "దీనికెవరో కాటుక పెట్టారు చూడు. ఇవాళ పెళ్ళిచూపులున్నట్టున్నాయి."

రొయ్య తల అంచున నల్లటి మరక. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. కాసేపటికి ఆ బల్ల మీదా ఒక నల్ల తల కనబడింది. తర్వాత గుట్టలో చెయ్యి పెట్టినచోటల్లా కనబడింది. నవ్వు ఆగిపోయింది. జెస్సీ చేతిలోని రొయ్యను ఎవరూ చూడకుండా గుట్ట అడుగుకు తోసేసింది, అది తాను చేసిన తప్పయినట్టు.

ఈ షెడ్డులో నలుపుకి ఒక్కటే అర్థం ఉంది. గోడల నిండా ఇంగ్లీషులో బోర్డులున్నాయి. చేతులు ఎలా కడుక్కోవాలో, గోళ్ళు ఎంత కత్తిరించుకోవాలో బొమ్మలతో సహా ఉంటుంది. సరుకు కొనే విదేశీయులు వచ్చి ఆ బోర్డులను ఫొటోలు తీసుకుని పోతారు. ఈ రూలు మాత్రం ఏ బోర్డు మీదా లేదు. నెలసరిలో ఉన్న ఆడది తాకితే రొయ్య నల్లబడుతుందని మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. చెరువుల దగ్గర పుట్టిన మాట అయ్యుండాలి. యంత్రాలూ కోల్డు స్టోరేజీలూ వచ్చినా ఆ మాట వాటి వెనకే నడిచొచ్చి షెడ్డులో చేరింది. వచ్చినట్టు చెప్పి ఇంటికి పోవాలి. ఆగేదాకా రాకూడదు. రాని రోజులకు కూలి లేదు.

అందుకని పిల్లలు దాచుకునేవారు. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, నడుము పట్టేసినా పళ్ళు బిగించి నిలబడేవారు. ఒకసారి జెస్సీయే బల్ల పట్టుకుని కిందికి జారిపోయింది. ఆరోజు మునీరా వెనక గదిలో ఆమెను పడుకోబెట్టి, శొంఠీ వామూ నల్ల నువ్వులూ అశోక పట్టా వేసి మరిగించి, తాటిబెల్లం కలిపి తాగించింది. మునీరా తండ్రి అబ్దుల్ జబ్బార్‌కి తాడేపల్లిగూడెంలో మూలికల కొట్టు ఉండేది. అది ఆయన కషాయం. నొప్పి పూర్తిగా పోయేది కాదు గాని, నిలబడగలిగేంత సర్దుకునేది. తర్వాత ఒకరికొకరు చెప్పుకుని అందరూ అడగడం మొదలుపెట్టారు. మునీరాను డాక్టరమ్మా అని ఏడిపించేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె, "పోండే," అని కసిరేది. కసురుతూనే ఆ పిలుపు మళ్ళీ ఎప్పుడు వినబడుతుందా అని ఎదురుచూసేది.

సెలవులు తగ్గిన సంగతి సూపర్‌వైజరు హేమంత్‌కుమార్ కనిపెట్టాడు. ఇక నుంచి కషాయం కంపెనీ ఖర్చే అన్నాడు. పెద్ద గిన్నె కొనిచ్చాడు. కొన్నాళ్ళకు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి గడప అవతల నుంచే అందించాడు.

"ఇది కూడా ఒక గరిటెడు కలపండి మునీరా గారూ. ఆయుర్వేదమేనండీ. ఆకులూ వేర్లే. మన ఆఫీసు వాళ్ళు స్పెషలుగా తెప్పించారు."

డబ్బా మీద పేరు లేదు. మూత తీస్తే తెల్లటి పొడి. మునీరా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. ఆకు ఎండినా, వేరు నూరినా, ఎంతో కొంత వాసన మిగులుతుంది. ఆమె పుట్టిన ఇల్లంతా ఆ వాసనలే. తండ్రి ఏ దినుసైనా ముందు తన నాలుక మీద వేసుకుని తర్వాతే పొట్లం కట్టేవాడు. ఆమె కూడా కాస్త నాలుకకు రాసుకుంది. చేదు. అంతకు మించి ఏం తెలుస్తుంది? తనకు నెలసరి ఆగిపోయి చాలా ఏళ్ళయింది. తాను తాగినా తన ఒళ్ళు ఏమీ చెప్పదు. ఈ మాటను ఆమె మనసులో చాలాసార్లు అనుకుంది. అడగకపోవడానికి అది పనికొచ్చింది.

ఆడవాళ్ళ గదిలోని చెత్తబుట్టను ఖాళీ చేసేది కూడా ఆమే. మెల్లమెల్లగా ఆ బుట్ట తేలికైంది. తర్వాత దానిలో చాక్లెట్ కాగితాలు తప్ప ఏమీ పడలేదు. మొదట ఆమె పని తగ్గిందని సంతోషించింది. పిల్లలూ సంతోషించారు. నెలంతా కూలి దొరుకుతోంది. డాక్టరమ్మ చెయ్యి మంచిదన్నారు. ఒకరోజు ఆ ఖాళీ బుట్టను కడుగుతుంటే అకారణంగా మునీరా వీపు చల్లబడింది. ఊళ్ళో పక్షుల కూత ఒక్కసారిగా ఆగిపోతే అనిపిస్తుందే, అలాంటిది. ఆమె బుట్టను గబగబా బోర్లించి, మళ్ళీ టీ పనిలో పడింది.

ఇప్పుడు నల్లబడ్డ గుట్టల వైపు చూడకుండా ఆమె వెనక గదికి వచ్చేసింది. గిన్నెలో కషాయం వెచ్చగా ఉంది. ఆమె వెనకే ఎవరో వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

దీవెన. పెళ్ళయి ఏడాది దాటిన పిల్ల. మాస్కు కిందికి లాగింది. ముఖం పాలిపోయింది, కాని నవ్వుతోంది.

"వచ్చింది పిన్నీ."

"ఏంటే?"

"అదే. ఇందాక వచ్చింది. నడుం విరిగిపోతోంది గానీ, వచ్చింది." ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను నీకు చెప్పలేదు. పదిహేను రోజులై నీ మందు తాగట్లేదు నేను. బేసిన్‌లో పోసేస్తున్నా. ఏమీ అనుకోకు."

మునీరా గిన్నె మీద మూత సరిచేసింది.

"మూడు నెలలు ఆగిపోయేసరికి కడుపొచ్చిందనుకున్నాం కదా. మా అత్తయ్య అయితే చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పేసింది, దేవుడు నా ప్రార్థన విన్నాడని. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఏలూరు తీసుకెళ్ళి స్కాన్ చేయిస్తే లోపల ఏమీ లేదన్నారు." దీవెన మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "డాక్టరుగారు ఏం మందులు వాడుతున్నావమ్మా అనడిగారు. ఏమీ లేదండీ, పనిలో మా పిన్ని ఆయుర్వేదం కషాయం ఇస్తదండీ అన్నాను. అది ఆపి చూడు అన్నారు. మా అత్తయ్య ఇంట్లో నాతో మాటాడ్డం మానేసింది పిన్నీ. దేవుడి దగ్గర తనని అబద్ధాలకోరుని చేశానంట."

మునీరాకు మొదట కలిగింది సంతోషం కాదు. ఇవాళే రావాలా అన్న భయం. రెండోది, ఆ డాక్టరు దగ్గర ఈ పిల్ల తన పేరు చెప్పిందా అన్న భయం. ఆ రెండు భయాల తర్వాత గాని ఆమెకు దీవెన నడుము పట్టుకుని వంగి నిలబడిందన్న సంగతి కనబడలేదు. తన మనసు ఏ వరసలో కదిలిందో గమనించి, ఆమె తన చేతులను కొంగుతో తుడుచుకుంది. చేతులకు ఏమీ అంటలేదు.

తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

"మునీరా గారండీ, ఒక్క నిమిషం."

దీవెన మాస్కు ఎక్కించుకుని, తల దించుకుని, హేమంత్‌కుమార్ పక్క నుంచి షెడ్డులోకి వెళ్ళిపోయింది. అతను ఆమెకు దారి ఇచ్చాడు. ఆడవాళ్ళు మసిలే చోటు కాబట్టి గడప అవతలే నిలబడ్డాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"చూశారు కదండీ సరుకు. ఎవరో దాచిపెట్టి పనిలోకి వచ్చేశారు. ఒక్కొక్కళ్ళనీ మీ దగ్గరికి పంపుతాను. కొంచెం చూసి చెప్పండి."

"ఏం చూడమంటారండీ?"

"మీకు తెలీదాండీ? నేను మగాణ్ణి, నా నోటితో ఎలా చెప్పను. మీరైతే పెద్దవారు. మిమ్మల్ని వాళ్ళేమీ అనుకోరు."

"ఐసు రాలేదు కదండీ పొద్దుట్నుంచీ. అందుకు నల్లబడింది."

"ఐసు సంగతి నేను చూసుకుంటానండీ." అతను నవ్వాడు. "ఆఫీసు వాళ్ళు ఐసు గురించి అడగరు. మనిషి గురించి అడుగుతారు. ఇంత సరుకు పోయినప్పుడు ఎవరో ఒకరి పేరు మీద రాయాలి కదండీ. వాళ్ళ కూలిలో కోసి, పనిలోంచి తీసేస్తారు. నేను చేసేదేమీ లేదు."

ఎవరో ఒకరు. ఆ పేరు మునీరా నాలుక మీద ఉంది. చెప్పకూడదని ఆమెకు తెలుసు. చెప్పకుండా ఉండటానికి ఒక మాట కావాలి. అది వెంటనే దొరికింది.

"ఎవరూ ఉండరండీ. ఇక్కడ ఎవరికీ రావట్లేదు. మూడు నెలలై ఒక్కళ్ళకి కూడా రావట్లేదు."

దీవెనను కాపాడటానికే ఆ మాట అంది. కాని నోరు దాటాక అది వేరేలా వినబడింది. షెడ్డు నిండా పడుచు పిల్లలు, ఒక్కళ్ళకి కూడా రావట్లేదు. రోజూ తన కళ్ళ ముందు ఉన్నదే. వాక్యంగా మాత్రం ఇప్పుడే మొదటిసారి విన్నది, అదీ తన గొంతులోనే.

హేమంత్‌కుమార్ తల ఊపాడు. "అదే కదండీ మీ మందు గొప్పతనం. అయితే ఒక పని చేద్దాం. చూడ్డాలూ గీడ్డాలూ వద్దు, ఆడపిల్లలు, సిగ్గుపడతారు. ఇవాళ నా ఎదురుగా పొయ్యండి అందరికీ. తలా రెండు గ్లాసులు. ఎవరైనా మానేసుంటే తెలిసిపోద్ది. రేపట్నుంచి కూడా ఇలాగే చేద్దాం."

అతను వెళ్ళి చప్పట్లు కొట్టాడు. పిల్లలు బూట్లు ఈడ్చుకుంటూ వచ్చి వరసకట్టారు. తడి గ్లౌజుల చేతుల్లో స్టీలు గ్లాసులు. ముందు జెస్సీ. మధ్యలో ఎక్కడో దీవెన. వరస గోడ వెంట వంగి షెడ్డులోకి పోయింది.

మునీరా గరిటె పట్టుకుంది. గిన్నెలో ముంచాలి. రోజూ చేసే పనే, చెయ్యి దానంతటదే చేసేది. ఇవాళ చెయ్యి కదల్లేదు. మధ్యలో దీవెన దగ్గరికి వచ్చేసరికి ఏం చెయ్యాలా అని ఆలోచించింది. ఆమెకు ఒక్కదానికే నీళ్ళు పోస్తే? అతను ఎదురుగా ఉన్నాడు. చెయ్యి జారినట్టు గిన్నె ఒలకబోస్తే? రేపు మళ్ళీ కాయాలి. ఒక్క పిల్లను తప్పించడానికి ఎన్ని దారులు వెతికినా, ప్రతి దారిలోనూ మిగతా పిల్లలు గ్లాసులు పట్టుకుని నిలబడే ఉన్నారు.

"కానివ్వండి మునీరా గారూ. టీకి లేటవుతోంది."

ఆమె గరిటెను గిన్నె పక్కన పెట్టింది.

"నేను పొయ్యనండీ."

చాలా మెల్లగా అంది. హేమంత్‌కుమార్ వినబడనట్టు ముందుకు వంగాడు.

"ఏంటండీ?"

"పొయ్యను."

అతను కోప్పడలేదు. ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత మొదటిసారిగా గడప దాటి లోపలికి వచ్చాడు. "ఎండకి ఒంట్లో బాగోలేనట్టుంది. కూర్చోండి, ఫర్వాలేదు. నేను పోస్తాను." గరిటె తీసుకుని గిన్నెలో ముంచి, జెస్సీ గ్లాసు నిండా పోశాడు. "తాగమ్మా."

జెస్సీ మాస్కు గడ్డం కిందికి లాగి గ్లాసు ఎత్తింది. ఆమె అలవాటు అది, ఒక్క గుక్కలో తాగేసి మూతి తుడుచుకోవడం. తాను పొయ్యనంత మాత్రాన ఏమీ ఆగదని అప్పుడు మునీరాకు అర్థమైంది. పోసేవాళ్ళు ఎవరైనా దొరుకుతారు. తాగేది మాత్రం తన మీద నమ్మకంతోనే.

"తాగకే జెస్సీ."

గ్లాసు పెదాల దగ్గర ఆగింది.

"అది మా నాన్న మందు కాదు. అందులో ఇంకోటి కలుపుతున్నా. అదేంటో నాకు తెలీదు. మీకందరికీ ఆగిపోయింది దాని వల్లే."

"పెద్దావిడ, కంగారు పడుతున్నారు," అన్నాడు హేమంత్‌కుమార్ వరస వైపు తిరిగి, అదే మెత్తటి గొంతుతో. "ఆయుర్వేదమేనండీ. ఆకులే. మీరు తాగండి, నేను ఆఫీసుకి ఫోన్ చేసి ఆవిడ సంగతి మాట్లాడతాను."

వరసలో ఎవరూ కదల్లేదు. దీవెన గోడకు ఆనుకుని, పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టుకుంది. జెస్సీ హేమంత్‌కుమార్ వైపు చూడలేదు. అతని మాట ఆమె విన్నట్టే లేదు. మునీరానే చూస్తోంది.

"ఏంటో తెలీదంటున్నావు," అంది. పిన్నీ అనలేదు. "ఎప్పట్నుంచి తెలీదు?"

మునీరా నోరు తెరిచింది. జెస్సీ గ్లాసు కింద పెట్టలేదు, తాగనూ లేదు. జవాబు కోసం నిలబడింది.