మూడో పక్షం

పంచదార ఎవరికి ఎంత వేయాలో అడుగుదామని వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి ఒప్పందం కుదిరిపోయింది. సోఫాలో మా ఆయన, మరిది. ఎదురుగా కుర్చీలో ఆడపడుచు. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉన్న మామగారిని ఇక ఎవరింట్లో ఉంచాలన్నది చర్చ. నన్ను చూడగానే ముగ్గురూ బరువు దించుకున్న ముఖాలతో నవ్వారు.

"నాన్న ఇక్కడే ఉంటారు వదినా," అన్నాడు మరిది. "మందులన్నీ నేను తెప్పిస్తాను. చెల్లి ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది."

"వదిన ఉందిగా, నాకింక దిగుల్లేదు," అంది ఆడపడుచు.

"తనకి అలవాటే. అమ్మని పోయేదాకా చూడలేదూ?" అన్నాడు మా ఆయన. అని, "నాకు ఒక చెంచా చాలు," అన్నాడు. పంచదార సంగతి.

నేను అంతర్జాతీయ న్యాయం పాఠాలు చెబుతాను. పిల్లలు చాటుగా నన్ను 'ఒప్పందాల మేడం' అంటారు. ఏటా ప్రిన్సిపాల్ గది ముందు నిలబడి పొడిగించుకునే కాంట్రాక్టు ఉద్యోగం నాది. ఇన్నేళ్ళకి వేరే ఊళ్ళో యూనివర్సిటీ వాళ్ళు పర్మినెంటు పోస్టు ఇచ్చారు. ఒకటో తారీఖుకల్లా చేరాలి. ఆ సంగతి హాల్లో ఉన్న ముగ్గురికీ తెలుసు. తెలిసే ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. టీ చల్లారిపోతుందని మళ్ళీ వంటింట్లోకి పరిగెత్తాను, నా మతి మండ.

మర్నాడు క్లాసులో సరిగ్గా ఆ పాఠమే వచ్చింది. దేశాలన్నిటి నెత్తిన కూర్చుని చట్టాలు చేసే సభ ఏదీ లేదు కదా, మరి వాటి మధ్య చట్టం ఎక్కణ్ణుంచి పుడుతుంది? తమలో తాము రాసుకున్న ఒప్పందాల నుంచి పుడుతుంది. రాసుకోకపోయినా చాలాకాలంగా పాటిస్తూ వచ్చిన ఆచారం నుంచి పుడుతుంది. అవి చాలనప్పుడు అందరూ ఒప్పుకునే సాధారణ సూత్రాలున్నాయి, ఆసరాగా కోర్టు తీర్పులు, పండితుల రాతలు ఉన్నాయి. చాలా ఒప్పందాలకి సంతకం ఒక్కటే సరిపోదు, ఆ తర్వాత కట్టుబడతామని ధ్రువీకరించాలి కూడా. పెళ్ళికి ముందు మా ఆయన "నీ ఇష్టమొచ్చినంత చదువుకో" అన్నది సంతకం. ధ్రువీకరణ కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను. ఇక ఒప్పందంలో లేని మూడో పక్షం మీద, దాని సమ్మతి లేకుండా ఏ బాధ్యతా మోపకూడదు. ఈ మాట దగ్గర పాఠం ఆపి మంచినీళ్ళు తాగాను.

"ఊరికే పదే పదే చేసినంత మాత్రాన ఆచారం అయిపోదు. ఇది మా బాధ్యత అన్న నమ్మకంతో చేయాలి. మర్యాద కొద్దీ చేసింది ఆచారం కాదు," అన్నాను.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మర్యాదకి చేశారో బాధ్యత అని చేశారో ఎలా తెలుస్తుంది మేడం?"

"చేసేటప్పుడు ఏమన్నారో చూస్తాం."

"ఏమీ అనకపోతే?"

"కొన్నిసార్లు, ఊరుకుంటే ఒప్పుకున్నట్టే తీసుకుంటారు," అన్నాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. ఆ చేతిలో పెన్ను లాగేసుకోవాలనిపించింది.

అత్తయ్యని నేను బాధ్యత అని చూసుకోలేదు. ఆవిడంటే నాకు ఇష్టం. పరీక్ష పేపర్లు దిద్దుతూ నేను కునికిపాట్లు పడుతుంటే, మంచం మీద నుంచే "కాసేపు పడుకోవే, ఆ పిల్లలు ఎక్కడికీ పారిపోరు" అనేది. ఆవిడ కోసం పీహెచ్‌డీ మధ్యలో వదిలేశాను. ఎవరూ అడగలేదు, నేనే వదిలేశాను. ఒళ్ళు తుడిచి జుట్టు దువ్వితే నా చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. అది మా ఇద్దరి మధ్యా ఉన్న సంగతి. దాన్ని పట్టుకెళ్ళి ఈ ఇంటి చట్టం చేసేశారు. ప్రేమగా చేసిన పాపానికి జీవితాంతం చేస్తూ ఉండాలట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం మా ఆయన గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే చెప్పాను. "నన్నెవరూ అడగలేదు. నేను లేకుండా చేసుకున్న ఒప్పందం నాకు వర్తించదు. నేను ఉద్యోగంలో చేరతాను."

పెద్దగా నవ్వాడు. "ఇది ఇల్లే తల్లీ, ఐక్యరాజ్యసమితి కాదు."

"ఒక మనిషిని పెట్టుకోండి."

"మా నాన్నకి బయటివాళ్ళ చేత ఒళ్ళు తుడిపించాలా? మా అమ్మ ఆయనకి అన్నేళ్ళు చాకిరీ చేసింది. ఏనాడైనా నోరు మెదిపిందా?"

"అయితే మీరే చూసుకోండి."

"నేనా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అంతర్జాతీయ కోర్టుకెక్కాలన్నా అవతలి దేశం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కేసే లేదు. ఏటా ఈ మాట దగ్గర పిల్లలు గొల్లున నవ్వుతారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని.

ఒకటో తారీఖుకి ముందే మంచం వచ్చింది, మామగారు వచ్చారు. నేను ఆ ఊరు వెళ్ళలేదు. పక్క తడిసిన ప్రతిసారీ మా ఆయన ముక్కు మూసుకుని నన్ను కేకేశాడు. పెద్దాయన్ని ఆ తడిలో వదిలేసి బస్సెక్కే గుండె నాకు లేదు. ఆ సంగతి నాకంటే ముందు వాళ్ళకి తెలుసు. యూనివర్సిటీ వాళ్ళు నా తర్వాతి మనిషిని పిలుచుకున్నారు.

నాకింక మిగిలింది ఒక్కటే. ఏదైనా ఆచారం ఏర్పడుతున్నప్పుడు, మొదటి నుంచీ, అందరికీ తెలిసేలా, విడవకుండా అభ్యంతరం చెబుతూ వచ్చిన దేశాన్ని ఆ ఆచారం కట్టెయ్యలేదు. సరే, చెబుదాం. చేసే ప్రతి పనికీ ముందు నోరు విప్పి చెబుదాం. రేపు ఇంకొకరు మంచాన పడితే, తనకి అలవాటే అని ఎవరూ అనడానికి వీల్లేకుండా చేద్దాం. ఆ ఆలోచన వచ్చాక కాస్త ఊపిరాడింది.

నిన్న మధ్యాహ్నం మామగారిని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, మెడ కింద తువ్వాలు పరిచి, చెంచాతో జావ పట్టాను. నోరు ఒక పక్కకి లాగేసి మాట ముద్దముద్దగా వస్తుంది గానీ ఆయన తెలివి ఎక్కడికీ పోలేదు.

"మామయ్యగారూ, ఇది నా బాధ్యత అనుకుని చేయడం లేదు. మీరు గుర్తుంచుకోవాలి," అన్నాను.

"మీ అత్తయ్య కూడా... అనేది," అన్నారు.

"ఏమని?"

"ఇదే. రోజూ... అనేది."

చెంచా గిన్నెలో పెట్టేశాను. "మరి మీరేమనేవారు?"

ఆయన నా ముఖంలోకి చూస్తూ కాసేపు ఆలోచించారు. తర్వాత నోరు తెరిచారు, ఇంకో చెంచా కోసం.