మోటారు వెయ్యనన్న మనిషి

ధవళేశ్వరం దగ్గర కాలవలకి నీళ్లు కట్టేశారంటే డెల్టాలో ఎంతటి మోతుబరికైనా నీళ్ల విలువ తెలిసొస్తుంది. రెండువేల ఒకటి వేసవిలో అక్కడి ఒక ఊరి మున్సిపల్ చైర్మన్ జగన్నాథరావు గారికి మాత్రం బావమరిది చేపల విలువే తెలిసింది. బావమరిది చెరువు అడుగంటి చేపలు తేలిపోతున్నాయి. పక్కనే మున్సిపాలిటీ మంచినీళ్ల చెరువు నిండుగా ఉంది. కాలవ కట్టకముందే ఊరు తాగడానికి నింపుకున్న నీళ్లవి. మధ్యలో అడ్డం ఒక మోటారు, దాన్ని నడిపే వెంకటదుర్గ.

మధ్యాహ్నం జనం కునుకు తీసే వేళ నీళ్లు అటు తోడెయ్యమని చైర్మన్ గారి మనిషి వచ్చి చెప్పాడు. కాలవకి మళ్లీ నీళ్లొచ్చేదాకా ఊరు ఏం తాగుతుందో ఆ మహానుభావుడు చెప్పలేదు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఊరి నీళ్లు ఇవ్వడానికి నేనెవర్నండి?" అని వెంకటదుర్గ అతన్ని పంపేసింది.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది, ఇక పనిలోకి రావద్దని. అబద్ధమెందుకు, ఆమె భయపడింది. ఇద్దరు ఆడపిల్లలు, అద్దె కొంప, ఈ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. అయినా కొంగు దోపుకుని తిన్నగా మున్సిపల్ ఆఫీసుకి నడిచింది.

కమిషనర్ యుగంధర్ గదిలో చైర్మన్ గారు అప్పటికే కూర్చుని ఉన్నారు.

"నేనిచ్చిన ఉద్యోగం. నేనే తీసేస్తున్నాను" అన్నారాయన.

"మీరిచ్చింది కాదండి. మా ఆయన ఆ పంపుహౌసులోనే కరెంటు కొట్టి పోతే వచ్చిందండి. కాయితం చేతికిచ్చి మీరు ఫొటో దిగారంతే."

ఆ గదిలో అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. కుళాయి పన్ను కట్టడానికొచ్చినవాళ్లు గుమ్మం దగ్గరికి జరిగారు.

వెంకటదుర్గ కమిషనర్ వైపు తిరిగింది. "నన్ను తీసే అధికారం ఎవరిదండి? తెలీకే అడుగుతున్నాను."

"కౌన్సిల్‌ది. కౌన్సిలంటే నేను" అన్నారు చైర్మన్ గారు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పాపం యుగంధర్ గొంతు సవరించుకున్నాడు. "సర్వీసు రూల్స్ గవర్నమెంటువండి. కౌన్సిల్ మార్చడానికి లేదు. వాటి ప్రకారం సంతకం నేను పెట్టాలి."

"అయితే పెట్టండి" అన్నారు చైర్మన్ గారు.

యుగంధర్ తెల్లకాగితం ముందుకి లాక్కున్నాడు. వెంకటదుర్గకి ఒళ్లు మండింది.

"పెట్టండి బాబూ, తీసెయ్యండి. ఎందుకు తీశారో కూడా అందులో రాయండి. ఊరు తాగే నీళ్లు చైర్మన్ గారి బావమరిది చేపలకి పొయ్యలేదని రాయండి. ఆ కాయితం వీధి వీధీ తిరిగి నేనే చదివిస్తాను."

"చెప్పిన మాట వినలేదని రాయండి, చాలు" అన్నారు జగన్నాథరావు గారు.

"ఏ మాట వినలేదో కూడా రాయాలండి. రూల్ అది" అన్నాడు యుగంధర్, తలెత్తకుండానే.

చైర్మన్ గారు ఆ మాట ఏమిటో చెప్పలేదు. గుమ్మంలో జనం వినడానికి సిద్ధంగా ఉన్నారు మరి. యుగంధర్ సంతకం పెట్టకుండానే కలానికి మూత పెట్టేశాడు.

"ట్యాంకు నింపాలండి, నేనెళ్తాను" అని వెంకటదుర్గ వెనక్కి తిరిగింది.

"నీ సంగతి రేపు చూస్తాను."

"రేపూ మోటారు దగ్గరే ఉంటానండి. చూద్దురుగాని రండి."