చెయ్యి పెట్టగలిగేంత వేడి

పందికేం తెలుసు పన్నీటి వాసన అని సామెత కట్టినవాడు దాణా మావయ్య కంటపడి ఉంటే నాలుగు చీవాట్లు తినేవాడు. పిండి ఒక్కరోజు పాతబడినా తన పందులు మూతి తిప్పుకుంటాయని ఆయన గొప్పగా చెప్పుకుంటాడు. ఆ ఫారంలో ముప్పై ఏళ్ళుగా దాణా గది ఆయనది. నిజానికి ఆయన మావయ్య అయ్యేది ఒక్క మేనకోడలికే. ఆ పిల్ల పశువుల మేత గురించి చదువుకుని మొదటి ఉద్యోగానికి ఇక్కడికే వచ్చింది. ఆమె పిలుపు విని అందరూ అదే అందుకున్నారు.

రెండు నెలల కిందట మేనకోడలు ఎదిగే పందుల దాణా లెక్క మార్చింది. ఫాస్ఫేట్ పొడి సగానికి తగ్గించి, ఎంజైమ్ అని ఒక గోధుమరంగు పొడి కలపమంది.

"ఎముక గట్టిపడాలంటే భాస్వరం కావాలి మావయ్యా. మొక్కజొన్నలో, సోయాలో అది ఉంది, కానీ తాళం వేసి ఉంది. పంది కడుపుకి ఆ తాళం తీయడం రాదు. అందుకే మనం పైనుంచి ఫాస్ఫేట్ పోస్తున్నాం. ఒంటబట్టనిదంతా పెంటలో పోయి కిందున్న చెరువు పచ్చబడిపోతోంది. ఈ పొడి తాళంచెవి అనుకో."

"తాళాలూ చెవులూ నాకెందుకే, ఎంత కలపాలో చెప్పు," అన్నాడు మావయ్య. ఎన్నడూ చేతి కొలత తప్ప ఎరగనివాడు, ఆమె కోసం త్రాసు తెచ్చి మరీ కలిపాడు.

అయినా ఏడో వారానికి పందులు కుంటడం మొదలుపెట్టాయి. లేవమంటే లేవవు, లేచినా వెనక కాళ్ళు ఈడుస్తాయి. చెవి మీద నల్లమచ్చ ఉన్న పంది ఒకటుంది. మావయ్య గొంతు వింటే అన్నిటికంటే ముందు పరిగెత్తుకొచ్చేది. అది గడప దాటబోయి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. బతికించే దారిలేక డాక్టరు సూది వేసి దాని బాధ తీర్చాడు. ఆ రోజు మావయ్యకు ముద్ద దిగలేదు.

ఓనరమ్మ నాన్చే మనిషి కాదు. "సోమవారంలోగా కారణం చెప్పు. లేకపోతే పాత లెక్కే వాడతాం. నువ్వు ఇంకోచోట చూసుకో," అని మేనకోడలి మొహం మీదే చెప్పేసింది.

ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు దాణా గదిలో బస్తాల మీద కూర్చుని వేళ్ళు మడుస్తోంది. "సంచిలో పొడి బాగుందని ల్యాబ్ వాళ్ళు చెప్పారు. మిక్సర్లోంచి తీసిన దాణా కూడా బాగుందన్నారు. తడి తగల్లేదు. వేడి తగల్లేదు. ఇక మిగిలింది నా లెక్కే మావయ్యా. నాకు చేతకాలేదేమో."

"వేడి తగిలితే ఏమవుతుందే?" అన్నాడు మావయ్య, ఊరికే మాట కలుపుదామని.

"చచ్చిపోతుంది. మరిగే నీళ్ళు పడ్డాయంటే ఇక అది ఉత్త పిండే."

మావయ్యకు పొయ్యి మీది కాగు గుర్తొచ్చింది. చలి మొదలైనప్పటినుంచి రోజూ పొద్దున్నే, మిగతావాళ్ళు రాకముందే, కాగు నిండా నీళ్ళు మరగబెట్టి తొట్లలో దాణా మీద పోస్తున్నాడు. చల్లటి పిండి ఎలా మింగుతాయి పాపం అని, కలిపి జావ చేసి పెడుతున్నాడు. ప్రతి చలికాలమూ చేసేదే. ఫాస్ఫేట్ పొడిని వేడి ఏమీ చెయ్యదు గనక ఇన్నేళ్ళూ చెల్లింది. అది చెప్పాల్సిన సంగతని ఆయనకెప్పుడూ తోచలేదు.

చెప్పబోయి ఆగాడు. దాణా కలిపే పెద్ద మిషన్ తెప్పించాలని ఓనరమ్మకు రెండేళ్ళుగా మనసులో ఉంది. మావయ్య మీద గౌరవంతో ఆగింది. ఇప్పుడు చెబితే తన గది పోతుంది. చెప్పకుండా రేపటినుంచి నీళ్ళు మానేస్తే పందులు మెల్లగా కోలుకుంటాయి. ఎవరికీ తెలియదు. పిల్ల ఉద్యోగం మాత్రం పోతుంది. వయసులో ఉంది, ఇంకోటి దొరక్కపోదులే అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

సోమవారం ఓనరమ్మ గదిలో మేనకోడలు కాగితాలు పట్టుకుని తలొంచుకుని నిలబడి ఉంది. మావయ్య మసిబారిన కాగును రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"పిల్ల లెక్క తప్పు కాదమ్మా. తప్పు ఇదిగో, ఇందులో ఉంది. రోజూ సలసల కాగే నీళ్ళు పోసి ఆ మందుని నేనే చంపాను. నల్లమచ్చదాన్ని కూడా నేనే చంపాను."

ఓనరమ్మ కాగును పక్కకి జరిపింది. "నాకు చెబితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"అయితే దాణా గది అమ్మాయికి అప్పజెప్పు. వచ్చే నెల మిషన్ వస్తుంది."

బయటికొచ్చాక మేనకోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాడు. "చలేస్తుందని పోశావా మావయ్యా?" అంది. అప్పటిదాకా బిగబట్టుకున్నవాడు ఆ మాటకు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇకముందూ నీళ్ళు పొయ్యి మావయ్యా. గోరువెచ్చగా ఉంటే ఆ పొడికి ఇంకా మంచిదే. నీ చెయ్యి ముంచి ఉంచగలగాలి, అంతే. తొట్ల దగ్గరికి మిషన్ రాదు. అక్కడ నువ్వే ఉండాలి."

మర్నాడు పొద్దున మావయ్య కాగులో చెయ్యి పెట్టాడు. చుర్రుమంది. తీసి, కాసేపాగి, మళ్ళీ పెట్టాడు. తొట్ల దగ్గర పందులు ఆకలితో గోల చేస్తున్నాయి. ముప్పై ఏళ్ళలో వాటినెప్పుడూ ఆగమని అనెరగడు.

"ఆగండి, వస్తున్నా," అన్నాడు, తడి చెయ్యి మళ్ళీ నీళ్ళలో పెడుతూ.